ఊరు పెంచిన జట్టు

జర్మనీలోని కొలోన్ మహానగరమునకు తూర్పుగా ఇంచుమించు 50 కిలోమీటర్ల దూరమున, అడవులతోను గుట్టలతోను నిండిన బెర్గిషెస్ లాండ్ అను సీమలో, గుమ్మర్స్‌బాఖ్ అను పట్టణము కలదు. జనసంఖ్య 50 వేలకు కొంచెము అటునిటుగా ఉండు ఆ ఊరిలో దేశాంతరముల యాత్రికులను రప్పించు రాజప్రాసాదములు లేవు, మహానదీతీరము లేదు. తత్త్వవేత్త యూర్గెన్ హాబెర్మాస్ బాల్యము గడచిన చోటని విద్వాంసులు కొందరెరుగుదురు. అట్టి ఊరి క్రీడాసంఘము, ఐరోపా ఖండమందలి హ్యాండ్‌బాల్ క్లబ్బులన్నిటిలో శ్రేష్ఠమైనదానికి ఇచ్చు చాంపియన్ల కప్పును 1967, 1970, 1971, 1974, 1983 సంవత్సరములలో ఐదు మారులు గెలుచుకొన్నది. 1966 మొదలు 1991 వరకు గల కాలములో జర్మనీ జాతీయ చాంపియన్ బిరుదును పండ్రెండు మారులు పొందినది. క్రీడాసంఘముల ఘనతను గూర్చి చర్చ వచ్చినప్పుడు మన పత్రికలు కప్పుల లెక్కతో మొదలిడి ఆటగాండ్ర వేలము ధరలతో ముగించుట పరిపాటియైనది. వి.ఎఫ్.ఎల్. గుమ్మర్స్‌బాఖ్ చరిత్రను ఆద్యంతము పరిశీలించినవానికి మాత్రము వేరొక ప్రశ్న ఎదురుపడును: ఇంత చిన్న ఊరు ఇంత పెద్ద జట్టును ఎట్లు కనగలిగినది, ఆ జట్టు ఊరిని విడిచి బయలుదేరినప్పుడు ఏమైనది, మరల ఊరు చేరిన పిదప ఏమైనది? క్లబ్బు అనునది ముందుగా ఒక స్థలమునకు, అచటి మనుష్యులకు చెందిన వస్తువనియు, ఆ సంబంధము తెగినచోట ధనము ఎంత ప్రవహించినను నిలువదనియు నేను దృఢముగా నమ్ముచున్నాను. ఈ నమ్మికకు గుమ్మర్స్‌బాఖ్ కంటె మంచి నిదర్శనము నాకు తెలియదు.

ఆ సంఘము పుట్టినది 1861లో, జర్మన్ సామ్రాజ్యము ఏర్పడుటకు పదియేండ్లు ముందు. ఫ్రీడ్రిష్ లుడ్‌విగ్ యాన్ అను ఉపాధ్యాయుడు 1811లో బెర్లిన్ నగరపు పొలిమేరలలో బహిరంగ వ్యాయామస్థలమును నెలకొల్పినది మొదలు, దేహపరిశ్రమను ఊరుమ్మడి కార్యముగా భావించు సంప్రదాయము ఆ దేశమంతట వ్యాపించి, ప్రతి పట్టణమునందును సభ్యులు చందాలిచ్చుకొని, తమలో తాము అధ్యక్షుని ఎన్నుకొని, తమ పిల్లలకు తామే శిక్షణ యిచ్చుకొను వ్యాయామసంఘములు వెలసెను. గుమ్మర్స్‌బాఖ్ సంఘము అట్టివానిలో ఒకటి. ధనికుడొకడు కొన్నది కాదు, ప్రభుత్వము స్థాపించినది కాదు. లోకప్రసిద్ధి నార్జించుటకు నూరేండ్లు ముందే అది తన ఊరి పిల్లలకు మొగ్గలు వేయుట నేర్పుచుండెను. 1874లో అచట స్థాపితమైన ష్టైన్‌ముల్లర్ కుటుంబము వారి ఆవిరి బాయిలర్ల కర్మాగారము ఊరికి అన్నము పెట్టెను. ఈ సంఘము ఊరికి సాయంకాలములను నింపెను.

హ్యాండ్‌బాల్ ఆ దేశమందే రూపు దిద్దుకొన్న ఆట. 1917లో బెర్లిన్ నగరమున మాక్స్ హైజర్ స్త్రీల కొరకు కూర్చిన నియమములను 1919లో కార్ల్ షెలెంజ్ సంస్కరించి వేగవంతమైన స్పర్ధగా మలచెను. తొలుత అది ఫుట్‌బాల్ మైదానముపై పక్షమునకు పదునొకండుగురు ఆడు క్రీడ. 1936 బెర్లిన్ ఒలింపిక్ క్రీడలలో ఆ రూపముననే దానిని ఆడిరి. దీర్ఘమైన శీతకాలము గల స్కాండినేవియా దేశములవారు దానిని పైకప్పు క్రిందికి తెచ్చి, నలువది మీటర్ల పొడవు, ఇరువది మీటర్ల వెడల్పు గల నేలపై ఏడుగురేసి ఆడునట్లు కుదించిరి. జర్మనులు తమ మైదానపు ఆటపై మమకారమును వదలుకొనుటకు చిరకాలము సంకోచించిరి గాని, గుమ్మర్స్‌బాఖ్ వారు ఆ కాలగతిని ముందుగా గ్రహించిన కొలదిమందిలో చేరుదురు. కొండప్రాంతపు వానలలోను మంచులోను బురద మైదానములు ఎన్ని నెలలు నిరుపయోగములై పడియుండునో వారికి అనుభవపూర్వకముగా తెలియును గదా! 1966లో వారు శాలలో ఆడు ఆటకు జాతీయ చాంపియన్లైరి. అదే సంవత్సరము శరత్కాలమున బుండెస్‌లీగా అను జాతీయ లీగు ఆరంభము కాగా, దాని ప్రథమ విజేతలుగా 1967లో మరల వారే నిలిచిరి.

ఈ ఔన్నత్యమునకు మూలపురుషులుగా ఇరువురిని చెప్పవలెను. మొదటివాడు ఓయిగెన్ హాస్. క్లబ్బు హ్యాండ్‌బాల్ వ్యవహారములను దీర్ఘకాలము నడపిన కార్యదక్షుడు. ఊరివారు తమ ఆటశాలకు ఆయన పేరే పెట్టుకొనిరి. రెండవవాడు హాన్సీ ష్మిట్. రుమేనియా దేశమందలి బనాత్ సీమలో జర్మన్ భాష మాటలాడు కుటుంబమున 1942లో పుట్టిన ఈ యువకుడు, బుకారెస్ట్ నగరపు స్టియావా జట్టుకు ఆడి, ఆ దేశ జాతీయజట్టుతో 1963లో పశ్చిమ జర్మనీకి వచ్చినప్పుడు తిరిగి పోక అచటనే నిలిచిపోయెను. ఇల్లు, బంధువులు, పుట్టినగడ్డ ఒక్క రాత్రిలో దూరమైన ఆ శరణార్థిని గుమ్మర్స్‌బాఖ్ తనవానిగా చేసికొన్నది. ఆకాశమునకెగిరిన పిదప బంతిని వెంటనే విసరక, గోల్‌కీపరు ఏ పక్కకు వాలునో చూచునంతవరకు గాలిలో నిలిచినట్లే నిలిచి, అతడు కదలిన క్షణమున రెండవ పక్కకు విసరుట అతని ప్రత్యేకత. ఈనాడు ఏ దేశపు ఆటశాలలో ఈ ఎగురు విసరును చూచినను, అది ష్మిట్ చూపిన దారిననుసరించినదేయని పెద్దలు గుర్తు చేసికొందురు. 2023లో మరణించువరకు అతని పేరు గుమ్మర్స్‌బాఖ్ పేరుతోనే పలుకబడెను.

ఆ ఐదు ఐరోపా కప్పులను గూర్చి ఒక విశేషము నా మనస్సునకు ఎల్లప్పుడును హత్తుకొనియుండును. దానిని క్రీడాచరిత్రకారులు తగినంత నొక్కి చెప్పలేదని నా భావము. 1967లో అంతిమస్పర్ధలో ఎదిరించినది ప్రాగ్ నగరపు డుక్లా. అది చెకొస్లొవాకియా సైన్యపు క్లబ్బు. గుమ్మర్స్‌బాఖ్ 17–13 తేడాతో గెలిచెను. 1970లో ఎదిరించినది తూర్పు బెర్లిన్ నగరపు డైనమో. అది తూర్పు జర్మనీ రక్షకభట, గూఢచార విభాగముల అండ గల క్లబ్బు. 1971లో ఎదిరించినది స్టియావా. అది రుమేనియా సైన్యపు క్లబ్బు, పైగా హాన్సీ ష్మిట్ విడిచివచ్చిన జట్టు. ఆ నాటి ఆట 17–16గా ఒక్క గోలు తేడాతో ముగిసెను. 1974లో మాస్కో వైమానిక విద్యాసంస్థ జట్టు. 1983లో సోవియట్ సైన్యపు సి.ఎస్.కె.ఎ. ఐదు మారులును అవతలి పక్షమున ఒక రాజ్యము తన సర్వశక్తులతో పోషించిన జట్టు నిలువగా, ఇవతల ఒక కొండయూరి వ్యాయామసంఘము నిలిచెను. సైనికోద్యోగము పేరుతో దినమంతయు సాధన చేయు వారిని, చందాలపైని స్థానిక వ్యాపారుల చేయూతపైని నడచు జట్టు ఓడించెను. రాజ్యములు తమ ప్రతిష్ఠకై పెంచిన జట్లను ఒక ఊరు తన ప్రేమతో పెంచిన జట్టు మించగలదనుటకు ఇంతకు మించిన రుజువు కావలెనా? ఆ రాజ్యములలో తూర్పు జర్మనీ, చెకొస్లొవాకియా, సోవియట్ యూనియన్ అను మూడు నేడు పటముపై లేవు. సంఘము మాత్రము ఉన్నది.

నాటి అంతిమస్పర్ధలు పెక్కు డార్ట్‌మండ్ నగరపు వెస్ట్‌ఫాలెన్ శాలలో జరిగెను. అంతటి జనమును పట్టు కట్టడము గుమ్మర్స్‌బాఖ్‌లో లేదు. ఊరివారు బస్సులలోను కార్లలోను తరలిపోయి, గెలుపును చూచి, రాత్రికి ఇల్లు చేరుకొనిరి. తిరునాళ్లకు పోయివచ్చుట వేరు, కాపురము మార్చుట వేరు. ఈ భేదము మున్ముందు కథకు ముఖ్యము.

ఇక యోఆఖిమ్ డెకార్మ్. ఈ పేరు తలచునప్పుడు వాక్యము తనంతట తాను మెల్లనగును. 1954లో జార్‌బ్రుకెన్ నగరమున పుట్టి 1973లో గుమ్మర్స్‌బాఖ్ చేరిన ఆ యువకుడు, తరువాతి మూడేండ్లును వరుసగా జాతీయ చాంపియన్ జట్టులోనుండి, 1978 ఫిబ్రవరిలో కోపెన్‌హాగెన్ నగరమున సోవియట్ జట్టును 20–19గా ఓడించి ప్రపంచ చాంపియన్లైన పశ్చిమ జర్మనీ జట్టునకు ప్రాణమువంటివాడు. 104 అంతర్జాతీయ క్రీడలలో 381 గోలులు సాధించిన అతనిని నాటి లోకములో సర్వోత్తమ ఆటగాడని ప్రత్యర్థులును ఒప్పుకొనిరి. 1979 మార్చి 30న హంగరీ దేశపు తాతాబాన్యా పట్టణమున, దేశీయ కప్పుల విజేతలు ఆడు ఐరోపా స్పర్ధయైన కప్పు విజేతల కప్పు ఉపాంత్యస్పర్ధలో, ఎదురుదాడికి పరుగెత్తుచుండగా ఒక హంగరీ ఆటగానితో తల తాకి, స్పృహ తప్పి, చేతులు అడ్డము పెట్టుకొనలేక నేలకూలెను. ఆ నేల కాంక్రీటు. దానిపై పరచినది పలుచని ప్లాస్టిక్ పొర మాత్రమే. 25 ఏండ్ల వయస్సున అతడు 131 దినములు అచేతనుడై పడియుండెను. కనులు తెరచిన పిదప మాటలాడుట, నడచుట, చెంచా పట్టుట మొదలు అన్నియు తిరిగి నేర్చుకొనవలసివచ్చెను. చిన్ననాడు తన్ను తీర్చిదిద్దిన కోచ్ వెర్నర్ హ్యుర్టర్ ఏండ్ల తరబడి పక్కన కూర్చుండి ఆ పాఠములను ఓపికతో చెప్పెను.

ఆ వసంతముననే గుమ్మర్స్‌బాఖ్ ఆ కప్పును గెలిచెను. దానిని నేను విజయముల లెక్కలో ముందు పెట్టను. నేను ముందు పెట్టునది వేరొకటి: జాతీయజట్టు సహచరులును, క్లబ్బు సహచరులును అతనిని ఏ దశాబ్దమునందును మరువలేదు. అతని పోషణకు నిధి ఏర్పడెను. సహాయార్థము ఆటలు జరిగెను. 2002లో అతడు తన కీర్తి వికసించిన గుమ్మర్స్‌బాఖ్‌కే వచ్చి, అచటి సంరక్షణాలయమున నివసించెను. పదునారేండ్లు ఆ ఊరివాడై, పూర్వమిత్రుల నడుమ, క్లబ్బు ఆడుచుండగా ప్రేక్షకుల మధ్య కూర్చుండి, 2018లో బంధువులున్న జార్‌బ్రుకెన్‌కు మరలెను. గోలులు వేయలేనివాడైన పిమ్మట ఒక ఆటగానికి తన క్లబ్బుతో ఎట్టి సంబంధము మిగులును? వేలము పద్ధతిపై నడచు లీగులకు ఈ ప్రశ్న అర్థమే కాదు. ఒప్పందము ముగిసెను, జట్టు మారెను, పేరు మారెను, ఎవరు ఎవరిని చూతురు? గుమ్మర్స్‌బాఖ్ మాత్రము ఈ ప్రశ్నకు నలువదేండ్లకు పైగా సమాధానము చెప్పుచునే వచ్చినది. ఆ సమాధానము ఐదు ఐరోపా కప్పుల కన్న బరువైనదని నేను నిస్సంకోచముగా వ్రాయుచున్నాను.

1980ల తొలి భాగము క్లబ్బు రెండవ వైభవకాలము. స్వయముగా రుమేనియా పక్షమున ప్రపంచ చాంపియనైన పెత్రే ఇవనెస్కు కోచ్‌గా, 1983లో జాతీయ చాంపియన్ పదవి, జాతీయ కప్పు, ఐరోపా కప్పు మూడును ఒక్క ఏటనే ఆ ఇంట చేరెను. గోలు కాచినవాడు ఆండ్రెయాస్ టీల్. మాంత్రికుడని జనము పిలిచిన ఆతడు ఆటతోపాటు న్యాయశాస్త్రము చదివి వకీలైనవాడు. దాడిని నడపినవాడు ఎర్హార్డ్ వుండర్లిష్. రెండు మీటర్లు దాటిన ఆజానుబాహువు, శతాబ్దపు జర్మన్ హ్యాండ్‌బాల్ ఆటగానిగా 1999లో ఎన్నికైనవాడు. మూడు కప్పుల ఏడు ముగియగనే అతనిని బార్సిలోనా క్లబ్బు అంతవరకు ఆ ఆటలో విననంతటి ధనమిచ్చి తీసికొనిపోయెను. రాబోవు కాలము ఎట్టిదో ఆ ఒక్క సంఘటన తెలుపుచున్నది.

వెళ్లినవారిని గూర్చి చెప్పునప్పుడు, వెళ్లనివానిని గూర్చియు చెప్పవలెను. హైనర్ బ్రాండ్ 1952లో గుమ్మర్స్‌బాఖ్‌లోనే పుట్టెను; అతని అన్నలును ఆ క్లబ్బుకే ఆడిరి; అతడు తన క్రీడాజీవితమంతయు అచటనే గడపి, 1978 ప్రపంచ చాంపియన్ జట్టులో రక్షణకు స్తంభమై, పిమ్మట కోచ్‌గా 1988లోను 1991లోను క్లబ్బును జాతీయ చాంపియన్ చేసెను. జాతీయజట్టుకు కోచై 2004లో ఐరోపా చాంపియన్ పదవిని, 2007 ఫిబ్రవరిలో కొలోన్ నగరమున పోలెండును 29–24గా ఓడించి ప్రపంచ చాంపియన్ పదవిని సాధించెను. ఆటగాడుగాను కోచ్‌గాను ప్రపంచ చాంపియనైన వారిలో ఈ క్రీడయందు అతడే ప్రథముడు. ఆ నాటి బహుమతి ప్రదానమున జర్మన్ ఆటగాండ్రందరు అతని గుబురుమీసమును పోలిన కృత్రిమపు మీసములు తగిలించుకొని నిలిచిరి. ఒక గురువునకు శిష్యులు బహిరంగముగా చూపిన ప్రేమ యిది. అంతటివానిని ఒక చిన్న ఊరి వ్యాయామసంఘము తన సొంత వీధులనుండి తయారుచేసికొన్నది, కొని తెచ్చుకొన్నది కాదు.

1991 తరువాత ఆ ఊరికి జాతీయ చాంపియన్ పదవి మరల దక్కలేదు. కారణములు స్పష్టములు. టెలివిజను వచ్చెను, ప్రాయోజకులు వచ్చిరి, ఆటగాండ్ర వేతనములు పెరిగెను. పదివేల మంది పట్టు శాల గల కీల్ వంటి నగరముల క్లబ్బులతో, రెండువేల మందికి మించి పట్టని ఓయిగెన్ హాస్ శాల ఆదాయముతో పోటీపడుట దుస్సాధ్యమయ్యెను. 2007లో కీల్ తన పదమూడవ పదవితో గుమ్మర్స్‌బాఖ్ రికార్డును దాటిపోయెను. ఈలోగా అప్పులు పెరిగెను. లీగులో ఆడుటకు లైసెన్సు సంపాదించుటయే కొన్ని సంవత్సరములు గండమై నిలిచెను. ఆ దుర్దినములలో వారికి ఆధారమైనవాడు కొరియా దేశస్థుడు యూన్ క్యుంగ్-షిన్. 1996 మొదలు పదేండ్లు అచట ఆడి, 2000–01 ఏట 324 గోలులు చేసి లీగులోనే అపూర్వమైన అంకెను నిలిపెను. అతని ఎడమచేతి విసరును చూచుటకే ఊరివారు శాలకు వచ్చుచుండిరని చెప్పిన అతిశయోక్తి కాదు.

అప్పుడు నిర్వాహకులు ఒక నిర్ణయము చేసిరి. కొలోన్ నగరమున క్రొత్తగా వెలసిన మహాశాలలో, పద్దెనిమిదివేల పైచిలుకు జనము పట్టుచోట, ప్రధానమైన ఆటలను ఆడింపసాగిరి. లెక్కల దృష్టితో చూచిన వారిని నేను నిందింపను. మునుగుచున్నవాడు చేతికందిన కొయ్యను పట్టుకొనును. పైగా ఆ కాలముననే, 2009లో ఐరోపా హ్యాండ్‌బాల్ సమాఖ్యవారి ఈ.హెచ్.ఎఫ్. కప్పును, 2010, 2011 సంవత్సరములలో కప్పు విజేతల కప్పును గెలుచుకొనిరి గదా, ఊరు విడిచినందున నష్టమేమని అడుగువారుందురు. ఈ ఆక్షేపణ బలమైనదే. కాని ఆ కప్పులు వచ్చినప్పుడును ఖజానా నిండలేదు. గెలిచిన ఆటగాండ్రు నిలువక ఒకరి వెంట ఒకరు కీల్ వంటి చోట్లకు తరలిపోయిరి. మహానగరపు ప్రేక్షకుడు పెద్దజట్టు వచ్చిన దినమున శాలకు వచ్చి, చిన్నజట్టు వచ్చిన దినమున వేరొక వినోదమునకు పోయెను. కొలోన్ వానికి ఫుట్‌బాల్ కలదు, ఐస్ హాకీ కలదు, నాటకశాలలు కలవు. గుమ్మర్స్‌బాఖ్ వానికి ఇదియొక్కటియే కలదు; అది అతని నుండి దూరమయ్యెను.

2013లో క్లబ్బు ఇల్లు చేరెను. ఒకప్పుడు ఊరికి అన్నము పెట్టి, తరువాత మూతపడిన ష్టైన్‌ముల్లర్ కర్మాగారపు నేలపై, నాలుగువేల పైచిలుకు మంది కూర్చుండుటకు వీలైన క్రొత్త శాల నిర్మితమయ్యెను. సైకిలు టైర్లు చేయు పొరుగూరి సంస్థ ష్వాల్బె పేరును దానికి పెట్టిరి. ఇల్లు చేరినంతనే కష్టములు తీరలేదు. కథలలో తీరును గాని జీవితములో తీరవు. 1966 నుండి ఒక్క సంవత్సరమైనను తప్పక మొదటి శ్రేణిలో ఆడిన ఆ క్లబ్బు, 2019 జూన్‌లో చివరి దినమున బీటిగ్‌హైమ్ జట్టుతో సమానముగా ముగించి, చరిత్రలో తొలిసారి రెండవ శ్రేణికి దిగజారెను. దీర్ఘచరిత్ర గల సంఘములకు ఇది ప్రాణాంతకమైన దెబ్బ. అప్పులవారు తలుపు తట్టుదురు, ప్రాయోజకులు మొగము చాటుచేయుదురు.

కాని అచట అట్లు కాలేదు. 2020లో క్లబ్బు తన పూర్వపు ఆటగాడు, ఐస్‌లాండ్ దేశపు గుడ్యోన్ వాలుర్ సిగుర్డ్‌సన్‌ను కోచ్‌గా పిలిచెను. కోచ్‌గా అది అతని మొదటి ఉద్యోగము. 2005 మొదలు 2008 వరకు ఆ ఊరిలో ఆడినవాడు గనుక ఆ ఊరిని ఎరిగినవాడు. అతడు యువకులను నమ్మెను. యూలియన్ క్యోస్టర్ అను కుర్రవాడు రెండవ శ్రేణిలో ఆడుచుండగనే 2022 జనవరిలో జర్మనీ జాతీయజట్టుతో ఐరోపా చాంపియన్‌షిప్‌కు పోయెను. అతనిని ఎన్నుకొన్న జాతీయ కోచ్ ఆల్‌ఫ్రెడ్ గీస్లాసన్ సైతము ఒకప్పుడు గుమ్మర్స్‌బాఖ్ కోచే. 2022లో క్లబ్బు రెండవ శ్రేణి చాంపియనై పైకి వచ్చెను. 2024 వసంతమునకు మొదటి శ్రేణిలో ఆరవ స్థానమున నిలిచి, ఐరోపా స్పర్ధలలో ఆడు అర్హతను మరల పొందెను. ఈ ఆరవ స్థానమును నేను 1983 నాటి మూడు కప్పుల పక్కన కూర్చుండబెట్టుటకు వెనుదీయను. అవి సంపదలో వచ్చినవి, ఇది పతనము నుండి లేచినప్పుడు వచ్చినది. లేచుటకు ఆధారమైనది ఊరు.

మనకు ఈ కథతో సంబంధమేమని పాఠకులు అడుగవచ్చును. హ్యాండ్‌బాల్ మనకు పరాయిది కాదు. భారత హ్యాండ్‌బాల్ సమాఖ్య 1972లో ఏర్పడినది. ఆసియా క్రీడలలో ఈ ఆటకు తొలిసారి చోటు దొరికినది మన ఢిల్లీలోనే, 1982లో. పాఠశాలల క్రీడోత్సవములలో తెలుగు బాలబాలికలు నేటికిని దీనిని ఆడుచున్నారు. 2023లో ప్రీమియర్ హ్యాండ్‌బాల్ లీగు పేరిట ఆరు జట్లతో వృత్తి లీగు వెలసినప్పుడు, వానిలో తెలుగు టాలన్స్ అను జట్టొకటి ఉండెను. తెలుగు పేరు ధరించిన ఒక హ్యాండ్‌బాల్ జట్టు టెలివిజనులో కనబడినందుకు సంతోషింపని తెలుగువాడుండడు. అయితే ఆ లీగు ఆటలన్నియు జైపూర్ నగరపు ఒక్క శాలలోనే జరిగెను. తెలుగు పేరు గల జట్టు తెలుగునేలపై ఒక్క ఆటయు ఆడలేదు; తెలుగు పిల్ల ఏదియు శాలకు నడచిపోయి తన జట్టును చూడలేదు. నిర్వాహకులకు వ్యయభారము, టెలివిజను సౌకర్యము మొదలగు కారణములుండవచ్చును. అవి అబద్ధములని నేననను. కాని గుమ్మర్స్‌బాఖ్‌లో నూరేండ్లు సంఘము ముందు నడచి, లీగు తరువాత వచ్చినది; మనము లీగును ముందు తెచ్చి, సంఘము తనంతట తాను మొలకెత్తునని ఎదురుచూచుచున్నాము.

హైదరాబాదులోను విశాఖపట్టణములోను శాలలు కలవు. జిల్లాకేంద్రములలో ఇండోర్ స్టేడియములు కట్టిరి, కట్టుచున్నారు. వానిలో అనేకములు సభలకును వివాహములకును అద్దెకిచ్చుటకు తప్ప దినదినము ఆటకు తెరువబడుటలేదు. నలువది మీటర్ల నేల, రెండు గోలు చట్రములు, పది బంతులు, జీతమిచ్చి నిలుపుకొన్న ఒక వ్యాయామోపాధ్యాయుడు — హ్యాండ్‌బాల్ సంఘమునకు ఆరంభమున ఇంతకు మించి అక్కరలేదు. ఇకమీదట తెలుగు పేరుతో ఏ వృత్తిజట్టు ఏర్పడినను, దాని యజమానులు కొన్ని ఆటలనైనను తెలుగు పట్టణమున ఆడింపవలెననియు, ఒక బాలుర జట్టును ఒక బాలికల జట్టును ఏడు పొడవున పోషింపవలెననియు, గాయపడిన ఆటగానికి ఒప్పందము ముగిసిన పిదపను వైద్యసహాయము జరుగునట్లు నిధి నేర్పరుపవలెననియు క్రీడాసమాఖ్యలును రెండు తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములును నియమము పెట్టవలెను. తాతాబాన్యాలో పలుచని పొర క్రింద కాంక్రీటు ఉన్నట్లే మన జిల్లాశాలలలో అనేకములందును ఉన్నది. దానిపై కొయ్యనేల పరచుట అన్నిటికంటె ముందు చేయవలసిన పని.